అంచు ముక్క

వంటింటి వెనక గచ్చు మీద మార్తమ్మ వేడి సర్వగిన్నెను బోర్లించి చెంబెడు నీళ్లు పోసింది, చుయ్‌మని చప్పుడొచ్చింది, ఆ చప్పుడుకు ముందుగదిలో టీవీ ముందు కూర్చున్న యోబు నోట్లో నీళ్లూరాయి. ఊరినందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది. ఏడాదిగా గంజీ, జావా, మిక్సీలో తిప్పిన పప్పన్నమూ తప్ప ఎరగని నోరు, ఎడమ బుగ్గ కోసేసి తొడ మీది తోలు తెచ్చి కుట్టిన నోరు, ఇంకా ఊరడం మరిచిపోలేదన్నమాట, ఎంత విశ్వాసం గల నోరు అనుకున్నాడు. టీవీలో ఇండియా బౌలింగు మొదలైంది, పక్క కుర్చీలో బొగ్గుగని నాటి దోస్తు సదయ్య అప్పుడే ముందుకు వంగి కూర్చున్నాడు, కానీ యోబు మనసు బంతి మీద లేదు, దవడ మీద ఉంది. హైదరాబాదు దవాఖానలో డాక్టరు పోయిన వారం చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది, ఏడాదిలోపు నోరు ఎంత తెరుచుకుంటే అంతే పెద్దాయనా, తర్వాత కండ బిగిసిపోతుంది, ఇక ధైర్యం చేసి గట్టివి కొరికి చూడు, కొరకగలిగితే సరే, లేదా మెత్తటివే జన్మంతా అని. ఆ డాక్టరు పట్నం మనిషి, గట్టిదంటే బిస్కెట్టో రొట్టె ముక్కో అనుకుని ఉంటాడు. యోబుకు గట్టిదంటే సర్వపిండి అంచు. తిరుగు బస్సు బసంత్‌నగర్ దాటుతుండగా మార్తమ్మ చెవి దగ్గరికి వంగి చెప్పాడు, ఇండియా మ్యాచ్ ఉన్ననాడు చేసిపెట్టు అని. ఆమె కిటికీలోంచి సిమెంటు లారీలను చూస్తూ తలూపింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ మ్యాచ్ ఇదే. ఇప్పుడు బోర్లించి చల్లారుస్తున్నది మొదటి సర్వపిండి తీసిన సర్వ. మొదటిది ఎప్పుడూ సరిగ్గా రాదు, సర్వకు నూనె పట్టడానికే సరిపోతుంది, దాన్ని లెక్కలో వెయ్యకూడదని మార్తమ్మ తల్లి నేర్పింది. తినేది రెండోది. అది తొందరగా అయ్యే వంట కాదు, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లాకు, కారం వేసి పిసికి, సర్వ లోపలి గోడకు అరచేత్తో అద్ది, వేలితో బొక్కలు పొడిచి, బొక్కబొక్కకూ నూనె వదిలి, మూతపెట్టి సన్నమంట మీద మరిచిపోయినట్టు ఉండాలి. అడుగు ఎర్రబడుతుంది, మధ్య మెత్తగా మిగులుతుంది, గోడ మీదికి ఎక్కిన అంచు పలచబడి కరకరలాడుతుంది. వేడి గిన్నెకు పిండి అంటదు కాబట్టి ఒకటి తీశాక సర్వ చల్లారాలి, చల్లారాకే రెండోది. ఆ ఇంట్లో సర్వ ఒక్కటే. ఇంకోటి కొందామంటే మార్తమ్మ ఒప్పుకోదు, చేతికి అలవాటైన గిన్నె వేరు అంటుంది. అందుకే సదయ్య వెనకటి రోజుల్లో సర్వపిండిని ఓవర్లలో కొలిచేవాడు, వదినే ఇంకెన్ని ఓవర్లు పడ్తది అని ముందుగదిలోంచి కేక పెట్టేవాడు, నీది కడుపా చెరువా తమ్మీ, సర్వ సల్లారొద్దా అని లోపలినుంచి జవాబొచ్చేది. పెళ్లయిన నాటినుంచీ ఎన్ని మ్యాచ్‌లో, ప్రతి మ్యాచ్‌కూ ఆమె పొయ్యి దగ్గరే. ముందుగదిలో అరుపు లేస్తే పిండి చేతులతో గడపదాకా పరుగెత్తుకొచ్చి, ఏమాయె, అవుటా, ఎవలు, అని అడిగేది, అప్పటికి అయిపోయేది, టీవీవాళ్లు దయతలచి మళ్లీ చూపించేది చూసి లోపలికి పోయేది. పాపం, ఆమె చూసినవన్నీ రీప్లేలే. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కసారైనా తట్టిందా నాకు, యోబు వంటింటి వైపు చూశాడు, గడపలో ఆమె నీడ మాత్రం కనిపించింది, నీడ కూడా పిండి అద్దుతూనే ఉంది. చల్లగుండు మార్తా అనుకున్నాడు, పైకి అంటే తిడుతుంది.

"యోబన్నా, ఫీల్డింగు సూడు, ఎట్ల వదిలేసిండో," అన్నాడు సదయ్య. యోబు ఊఁ అన్నాడు. ఎవరు వదిలారో చూడలేదు.

నూనె కాలిన వాసన వచ్చింది, దాని వెంట బొగ్గుబాయి వాసన వచ్చింది. బొగ్గుకూ సర్వపిండికీ ఏం చుట్టరికమో గానీ ఆయన ముక్కులో అవి రెండూ ఒకే గదిలో ఉంటాయి. భూమి లోపల అన్నం వేళకు గ్యాంగంతా ఒకచోట చేరేది, టోపీ దీపాల వెలుగులో టిఫిన్ డబ్బాలు తళతళలాడేవి, ఆకలి దంచేసేది, అయినా ఒక్కడూ మూత మీద చెయ్యి వేసేవాడు కాదు. యోబు టింబర్‌మన్, గని పైకప్పు దిగకుండా కర్రదుంగలు నిలబెట్టే పని ఆయనది, కూర్చోబోయే చోట కప్పంతా ముందు ఆయన కర్రతో కొట్టి చూడాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిన కప్పు డొల్లగా బొద్దుమంటుంది. ఆ మూలా ఈ మూలా కొట్టి, చెవిపెట్టి విని, కర్ర కింద పెట్టి, మంచిగుంది తినుండ్రి అనాలి. ఆ రెండు మాటలూ పడ్డాకే మూతలు లేచేవి. ఏ ఆఫీసరూ పెట్టిన రూలు కాదు, ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు, యోబు చేరకముందు ఇంకో ముసలి టింబర్‌మన్ అనేవాడట. మీ చర్చిల, మా గుళ్లె, సాయిబుల మసీదుల లేని ప్రార్థన ఇది, అందరికీ ఒక్కటే, అని సదయ్య ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేస్తూనే ఆ మాట కోసం మెడ చాచి చూసేవాడు, ఎందుకంటే యోబు డబ్బాలో సర్వపిండి ఉంటే సగం వాడిదే.

ఒకనాడు కప్పు బొద్దుమంది. అప్పటికే సదయ్య, ఆత్రగాడు, డబ్బా మూత తీసి అంచు ముక్క చేత పట్టుకుని కూర్చున్నాడు, మాట కోసం చూస్తున్నాడు. లేవుండ్రి అన్నాడు యోబు. అరవలేదు, అరిస్తే తొక్కిసలాట అవుతుంది, మామూలుగానే అన్నాడు. అందరూ లేచి అవతలి దుంగల కిందికి చేరారో లేదో కూర్చున్న జాగా అంతా బండ అయిపోయింది. ఆ దుమ్ములో దీపాలు కూడా కనపడలేదు, ఒకరి చేతులు ఒకరు తడుముకున్నారు, పేర్లు పిలుచుకున్నారు, అందరూ పలికారు. అప్పుడు సదయ్య దగ్గి దగ్గి, అయ్యో వదినె సర్వపిండి పాయె గదనే యోబన్నా అన్నాడు. నవ్వారు, అందరూ, ఏడుస్తూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి యోబు బుగ్గ లాగింది, కుట్టిన బుగ్గ, అది సగం నవ్వే నవ్వుతుంది. ఆనాడు బండ కిందే ఉండిపోవాల్సినవాణ్ని, ఆ తర్వాత వచ్చిన రోజులన్నీ పైన వేసిన కొసరు, కొసరులోనే కూతురు క్రిస్టినా టీచరైంది, కొసరులోనే ఈ రెండు గదుల ఇల్లు లేచింది, కొసరు మీద ఏం ఫిర్యాదు చేస్తాం.

బాయి వల్లే ఇట్లయింది అని ఓదార్చడానికి వచ్చినవాళ్లు అన్నా ఆయన ఒప్పుకోలేదు. లోపల గ్యాసు ఉంటుంది, ఒక్కడు బీడీ వెలిగిస్తే అందరూ పోతారు, అందుకే దిగేముందు జేబులు తడిమి అగ్గిపెట్టెలు తీసుకుంటారు, అది బతికించడానికే కదా. పొగ లేకపోతే పొగాకు, ఇంత సున్నం రాసి నలిపి ఎడమ బుగ్గన పెడితే షిఫ్టంతా తోడుండేది. తోడుండి తోడుండి పుండై అక్కడే కాపురం పెట్టింది. కోసేశారు. కోశాక నోరు చిటికెన వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు, ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకోమని, కొన్ని రోజులకో పుల్ల పెంచమని దవాఖానలో ఒక అమ్మాయి నేర్పింది. సదయ్య మనవరాలు సహస్ర ఆ సంగతి విని తాతకు పుల్లలు గావాలె అని ఎండాకాలమంతా ఐస్‌క్రీములు తిని, జలుబు తెచ్చుకుని, తల్లి చేత దెబ్బలు తిని, కడిగిన పుల్లలు రబ్బరుబ్యాండు వేసి తెచ్చి ఇచ్చింది. ఎంత త్యాగం పిల్లది. సదయ్య అయితే, జిందగీ అంత కప్పు దిగకుండ దుంగలు పెట్టినవ్, ఇప్పుడు నోరు మూసుకపోకుండ పుల్లలు పెట్టుకుంటున్నవ్, పనేం మారింది యోబన్నా అన్నాడు. ఆ మాటకు మూడు రోజులు నవ్వుకున్నాడు యోబు, పుల్లలు నోట్లో ఉండగా నవ్వితే ఎంత నొప్పో ఆ మూడు రోజులే తెలిసింది.

"వదినే, నాకేం పెట్టకు, ఇంట్ల తినొచ్చిన," అని సదయ్య వంటింటికి వినపడేలా అన్నాడు.

అబద్ధం. ఏడాదిగా అదే అబద్ధం. ప్రతి మ్యాచ్‌కూ వస్తాడు, ప్రతిసారీ ఆ మాట పారేస్తాడు, పెళ్లాం సారక్క చేసిన మక్క గారెలు వాళ్లింట్లో వేడివేడిగా ఉంటాయి, అయినా ఖాళీ కడుపుతో వచ్చి, కడుపు గురగురమంటే టీవీ సౌండు పెంచుతాడు. యోబు ముందు నమలకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఎవరు పెట్టుకోమన్నారు వీణ్ని? మార్తమ్మ అంతకన్నా అన్యాయం. ఆపరేషనయ్యి ఇంటికొచ్చిన నాటినుంచి ఆ ఇంట్లో గట్టి వస్తువు వండలేదు, అప్పాలు లేవు, చుడువ లేదు, అప్పడం కూడా వేయించలేదు. ఒకనాడు పొద్దున ఆయన పెరట్లోకి పోతే ఆమె బట్టలుతికే బండ పక్కన గోడ వైపు తిరిగి కూర్చుని వేయించిన పల్లీలు తింటోంది, ఒక్కొక్కటే, దవడ కదిలీ కదలకుండా, చప్పుడు కాకుండా, దొంగలాగా. ఆమెకు పల్లీలంటే ప్రాణం. ఆయన వెనకడుగు వేసి ఇంట్లోకి వచ్చేశాడు, చూసినట్టు ఎన్నడూ చెప్పలేదు, ఆ రోజు మాత్రం మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఏడ్చాడు. కోసినప్పుడు ఏడవలేదు. వీళ్లిద్దరూ నా వెంట ఏడాది పస్తులున్నారు ప్రభువా, నా నోరు మూసుకుంటే వీళ్లు మూసుకున్నారు, నాది తెరిస్తేగానీ వీళ్లవి తెరుచుకోవు. ఇవాళ ఆ అంచు తెగకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు, ఆమె సర్వను అటక మీద పెట్టేస్తుంది, పిండికి పెట్టిన బియ్యం జావలోకి పోతుంది, సదయ్య తన అబద్ధం చచ్చేదాకా ఆడుతూనే ఉంటాడు. తనకు గంజి అలవాటైపోయింది, తాగి బతకగలడు. ఆమె మళ్లీ ఆ బండ పక్కకు పోవడమే ఆయన భరించలేడు.

కిటికీ అద్దాలు గిలగిలలాడాయి, అల్మారాలో గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగాయి, ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు. ఖని ఊళ్లో ఆ వేళకు పొయ్యి దగ్గరున్న ప్రతి ఆడమనిషి చెయ్యీ దానంతటదే గిన్నె మీదికి పోతుంది, మార్తమ్మ చెయ్యి సర్వ మూత మీద ఉంటుందని చూడకుండానే చెప్పగలడు. ఆయన కళ్లు కూడా వాటంతటవే పైకి పోయాయి, స్లాబు వైపు, పగులు లేదు, సున్నం రాలలేదు. పక్కకు చూస్తే సదయ్య కూడా పైకే చూస్తున్నాడు. ఇద్దరి కళ్లూ కలిశాయి, ఇద్దరూ నవ్వారు. రిటైరై ఏం లాభం, మెడలింకా డ్యూటీలోనే ఉన్నాయి.

మార్తమ్మ వచ్చింది. ఒక చేతిలో స్టీలు ప్లేటు, ఇంకో చేతిలో గిన్నె. ప్లేటులో రెండో సర్వపిండి, గుండ్రంగా, చుట్టూ అంచు లేచి, బొక్కల చుట్టూ ఎర్రగా కాలి, పైన నువ్వులు మెరుస్తున్నాయి, ఆ నువ్వులు సదయ్య చేనువి, పల్లీలు కూడా. గిన్నెలో మాత్రం మధ్య మెత్తటి భాగం చిన్నచిన్న ముక్కలు చేసి పెరుగులో నానబెట్టి ఉంది, మొదటిదాని మధ్య అది. గిన్నెను ఆయన ముందు పెట్టింది, ప్లేటును కాస్త దూరంగా స్టూలు మీద పెట్టింది, అలంకారానికి అన్నట్టు.

"ముందు గిది తిను," అంది. "నమలకున్నా దిగుతది."

"నేనడిగింది గిది గాదు."

"దవడ పట్టేస్తె? పుల్ల పెంచిన రాత్రంత మూలిగినవ్, మర్చినవా? జర పైలం జెయ్యి. వచ్చే మ్యాచ్‌కు సూస్తం."

"డాక్టరు జెప్పిండు గదా, గడువు అయిపోతదని," అన్నాడు యోబు. "నువ్వు గూడ ఇన్నవ్. గా ప్లేటు గిట్ల తే."

ఆమె తేలేదు. సదయ్య టీవీ నుంచి కళ్లు తిప్పకుండానే చెయ్యి చాపి స్టూలును యోబు ముందుకు జరిపాడు. మార్తమ్మ వాడి వైపు కొరకొరా చూసింది, కానీ లోపలికి పోలేదు, పొయ్యి మీద ఏమీ లేదు, సర్వ గచ్చు మీద చల్లారుతోంది, ఆమెకు పోవడానికి వంక లేదు. గడపలో నిలబడింది, పిండి చేతులు దూరంగా పెట్టుకుని. టీవీలో ఎవరో పరుగు మొదలుపెట్టాడు, స్టేడియం హోరు పెరిగింది, వీధిలో ఇళ్లన్నీ ఊపిరి బిగపట్టినట్టున్నాయి, ప్రతి ఇంటి కిటికీలోంచీ అదే హోరు.

యోబు అంచు విరిచాడు. వేలెడంత ముక్క. అరచేతిలో పెట్టుకుని గోటితో కొట్టాడు, చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి కొట్టాడు. ఖంగుమంది. అలవాటు, ఏం చేస్తాం. నోరు తెరిచాడు, సహస్ర పుల్లలన్నీ పట్టినంత తెరుచుకుంది, ఇంకొంచెం కావాలి, ఇంకొంచెం, బుగ్గ లోపల కుట్టు బిగిసి చెవిదాకా నొప్పి పాకింది, దవడ దిగిపోతుందేమో, విరుగుతుందేమో, ఇక్కడ ఆగితే ఇక్కడే జన్మంతా, ముక్క కుడి పళ్ల మధ్యకు చేరింది, నొక్కాడు, కదల్లేదు, రాయిలా ఉంది, మార్తమ్మ చెయ్యి బాగా కాల్చింది, మళ్లీ నొక్కాడు, తండ్రీ నువ్వే, సదయ్య నెత్తి మీద పడని బండవు నువ్వే, నొక్కాడు, పుర్రె లోపలంతా మోగేలా చిటుక్కుమంది.

వీధి వీధంతా అరిచింది. టపాకాయలు కూడా పేలాయి ఎక్కడో. వికెట్టు పడింది కాబోలు, పెద్ద వికెట్టే అయ్యుంటుంది, ఆ ఇంట్లో ముగ్గురిలో ఎవరూ చూడలేదు. సదయ్య ఎప్పుడు టీవీ వదిలేశాడో, కుర్చీ అంచున కూర్చుని యోబు దవడ వైపు చూస్తున్నాడు, బాయిలో చూసినట్టే, మెడ చాచి. మార్తమ్మ రెండు పిండి చేతులూ నోటి మీద పెట్టుకుంది, ముక్కుకూ చెంపలకూ పిండి. యోబు నములుతున్నాడు. నువ్వు ఒకటి పగిలింది, పల్లీ ఒకటి చితికింది, తర్వాత కారం వెళ్లి కుట్టిన చోట తగిలింది, భగ్గుమంది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ మంటకు కూడా స్తోత్రం చెప్పుకున్నాడు, ఆ తోలుకు తెలివి వచ్చిందన్నమాట, తొడ మీది తోలుకు కూడా కారం తెలిసింది. మింగాడు. గొంతు దిగింది.

"నొస్తుందా?" అంది మార్తమ్మ.

ఆయన తల అడ్డంగా ఊపాడు, అబద్ధం, ఈ ఇంట్లో అబద్ధం ఆడే హక్కు తనకూ ఉంది. ప్లేటులో మిగిలిన అంచును చుట్టూ విరిచాడు, పెద్ద ముక్క సదయ్య చేతిలో పెట్టాడు, ఇంకోటి లేచి వెళ్లి మార్తమ్మ పిండి చేతిలో పెట్టాడు, వచ్చి కూర్చున్నాడు. వాళ్లు తినలేదు. ముక్కలు పట్టుకుని అట్లాగే ఉన్నారు, ఇద్దరూ ఆయన వైపే. టీవీలో ఆ వికెట్టును మళ్లీ చూపిస్తున్నారు, బంతి నెమ్మదిగా, గాలిలో ఈదుతున్నట్టు వస్తోంది, ఇవాళ అందరికీ రీప్లేనే, అనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"మంచిగుంది," అన్నాడు. మాట కాస్త వంకరగా వచ్చింది, ఆపరేషన్ తర్వాత ఆయన మాటలన్నీ అంతే. "తినుండ్రి."

సదయ్య కొరికాడు, వాడి తినడం ఎప్పుడూ నలుగురు తిన్నట్టుంటుంది, కరకరమని, పెదాలు చప్పరిస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, కళ్లు తుడుచుకుంటూ. గడపలో మార్తమ్మ కూలబడి కూర్చుంది, టీవీకి ఎదురుగా, ముక్కను వెనక పళ్లతో కొరికింది, ఏమీ దాచుకోకుండా, గట్టిగా. యోబు రిమోట్ తీసుకుని టీవీ సౌండు తగ్గించాడు.